చైన్ సా కార్బొరేటర్ కిట్: కవర్లో ఉన్నది ఒక్కటే చాలదు

పెట్రోల్ ఉండగానే మూలన పడేసిన 58 సీసీ చైన్ సా, తాడు లాగి లాగి భుజం పట్టేసినా అందుకోకపోతే, తప్పు చాలాసార్లు ఇంజన్‌ది కాదు. కార్బొరేటర్‌లో బిగుసుకుపోయిన రబ్బరుది. సికింద్రాబాద్ రాణిగంజ్ మెషినరీ దుకాణాల్లో దానికి అరచేతిలో పట్టే కవర్లో రిపేరు కిట్ దొరుకుతుంది. అందులో రెండు డయాఫ్రమ్‌లు (పలచని రబ్బరు పొరలు), అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్లు, పెట్రోల్ దారి మూసే తెరిచే నీడిల్, దాని లివరు, స్ప్రింగు, పిన్ను, చిన్న జాలీ ఉంటాయి. పాత మిషన్‌కు ఇది కొనదగ్గదే. కాకపోతే కవర్లో ఉండని పెట్రోల్ ట్యూబు, ట్యాంకులో మునిగి ఉండే ఫిల్టరు కూడా అదే రోజు తెచ్చుకోవాలి. ట్యూబు చిట్లి గాలి పీలుస్తుంటే డయాఫ్రమ్ మార్చి లాభం లేదు.

“అన్నా, యాభై ఎనిమిదికి కిట్ ఉందా?” అని ఊరికే అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. 58 సీసీ అన్నది ఇంజన్ సైజు, కార్బొరేటర్ పేరు కాదు. వాల్‌బ్రో, జామా అనే రెండు కార్బొరేటర్ కంపెనీల రకం డయాఫ్రమ్‌లు చూపుకు అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ రంధ్రాలు కలవవు. పాత కార్బొరేటర్ విప్పి జేబులో వేసుకెళ్లి, దాని మీదున్న నంబరు చూపించి, గ్యాస్కెట్ పెట్టి సరిచూసుకోండి. బయల్దేరే ముందు థ్రాటిల్ షాఫ్ట్‌ను, అంటే రేస్ ఇస్తే తిరిగే కడ్డీని, వేళ్లతో పట్టి పైకీ కిందికీ ఊపి చూడండి. లొడలొడలాడితే కిట్ డబ్బు దండగే, పూర్తి కార్బొరేటర్ కొనడమే నయం.

కిట్‌లోని డయాఫ్రమ్‌ల మీద పెద్ద ఫిర్యాదు లేదు. కొత్తది తమలపాకులా మెత్తగా వంగాలి. మిషన్‌లోంచి తీసిన పాతది ఎండిన విస్తరాకులా గలగలమంటుంది, తేడా చెవికే తెలుస్తుంది. చూడాల్సింది నీడిల్. మొన మీద నల్లటి రబ్బరు సమంగా ఉండాలి, గీత పడి ఉంటే వద్దనండి.

బిగించేటప్పుడు ఎక్కువ మంది తప్పేది వరసలో. నీడిల్ ఉన్న వైపు ముందు గ్యాస్కెట్, దాని మీద డయాఫ్రమ్, ఆపైన మూత. రెండో వైపు, అంటే పెట్రోల్ లాగే పంపు వైపు, సరిగ్గా తిరగేసి: ముందు డయాఫ్రమ్, తర్వాత గ్యాస్కెట్, తర్వాత మూత. ఇది తారుమారైతే పెట్రోల్ రాదు, జనం ప్లగ్‌నూ కాయిల్‌నూ తిడతారు. లివరు విప్పకముందే దాని మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి ఎత్తు గుర్తుపెట్టుకోండి. కొత్తది అంతకంటే లేస్తే పెట్రోల్ ఎక్కువై మిషన్ ఫ్లడ్ అవుతుంది, కుంగితే రేస్ ఇచ్చినప్పుడల్లా ఆగిపోతుంది. పెట్రోల్ వచ్చే సన్నని జెట్ రంధ్రాల్లో సూదులు పెట్టకండి. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే చాలు. స్ప్రే కొట్టేది రబ్బరు సామాను మొత్తం తీశాకే.

బిగించాక లీకు పరీక్ష మానకండి. దీనికి ఇంట్లో మూలపడ్డ గడియారం ముల్లు రకం బీపీ మిషన్ భేషుగ్గా పనికొస్తుంది. దాని బల్బు, మీటరు రెండూ పెట్రోల్ వచ్చే గొట్టానికి తగిలించి 300 దాకా గాలి కొట్టండి, అంటే సుమారు 0.4 బార్. ముల్లు కదలకుండా నిలబడాలి. జారుతుంటే నీడిల్ కూర్చోలేదన్నమాట.

ట్యూనింగ్‌కు, తక్కువ వేగానికి పెట్రోల్ సర్దే ఎల్, ఎక్కువ వేగానికి సర్దే హెచ్ స్క్రూలు రెండూ మెల్లగా ఆనేదాకా బిగించి, ఒక్కో చుట్టు వెనక్కి తిప్పండి. చైన్ తిరిగే పట్టీ (గైడ్ బార్), చైన్ తగిలించే ఉంచి మూడు నాలుగు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఎల్ తిప్పుతూ ఐడిల్ (రేస్ ఇవ్వనప్పటి వేగం) ఎక్కడ అన్నిటికంటే పెరుగుతుందో చూసి, అక్కణ్ణించి చుట్టులో ఎనిమిదో వంతు వదులు చేయండి. తర్వాత ఐడిల్ స్క్రూతో చైన్ కదలకుండా ఆగేచోట, సుమారు 3000 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. హెచ్ మరీ బిగించి పెట్రోల్ తగ్గించే ఆశ పనికిరాదు. ఫుల్ రేస్‌లో శబ్దం సన్నగా, తేటగా కీచుమంటే చెవికి బాగుంటుంది, పిస్టన్‌కు కాదు. ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే కాబట్టి పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, సైలెన్సర్ వైపు పిస్టన్ గీసుకుపోతుంది. ఖాళీ రేస్‌లో కాస్త బుడబుడమంటూ, దుంగలో దిగగానే తేటపడేలా ఉంచండి. రేస్ వదిలాక ఇంజన్ వెంటనే దిగకుండా అలాగే అరుస్తుంటే స్క్రూ తిప్పడం ఆపి, సిలిండర్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య ఉండే రబ్బరు బూటు చిట్లిందేమో వెతకండి. మే ఎండలో కుదిర్చిన హెచ్ డిసెంబరు పొద్దున పనికిరాకపోవచ్చు. చల్లగాలి చిక్కన, మిశ్రమం పలచబడుతుంది.

కిట్ ఎన్నాళ్లు ఉంటుందన్నది పెట్రోల్ మీదే ఆధారం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. అది తేమ పీలుస్తుంది. వానాకాలం షెడ్డులో వదిలేస్తే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. ఫిల్టరు ఉండేదీ ఆ అడుగునే, పైగా ఆ పొరలో టూ స్ట్రోక్ ఆయిల్ కలవదు. పని అయ్యాక ట్యాంకు వంచేసి, మిగిలింది కాలిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపించండి. మాన్యువల్‌లో పెట్రోల్, ఆయిల్ పాళ్లు 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్, 50:1 అయితే 20. అంచనాగా మూతతో పోసే అలవాటు మానండి, సిరంజీ వాడండి.

ఇంత చేసినా కోత నెమ్మదిగా ఉంటే కార్బొరేటర్ మీద పడకండి. కిందపడే పొట్టు చూడండి. పిండిలా ఉంటే చైన్ మొద్దుబారింది. .325 అంగుళాల పిచ్ (లింకుల ఎడం) చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం, పన్ను పన్నుకూ అన్నే తోపులు. ఆకురాయి కూడా కిట్‌లో రాదు, అదే బజారులో విడిగా అడగాలి.