కీళ్ల మందుతో పాటు నడుము కొలతనూ పట్టించుకునే క్లినిక్

సోరియాసిస్‌తో మొదలై వేళ్ల కీళ్ల దాకా వచ్చిన జబ్బుకు మా అక్కను కొంతకాలంగా అమీర్‌పేటలోని ఈ క్లినిక్‌కు తీసుకువెళ్తున్నాను. రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు), ఆహార నిపుణురాలు, ఫిజియోథెరపిస్టు ముగ్గురూ ఒకేచోట చూసే ఈ సేవ స్థూలకాయం ఉన్న కీళ్ల రోగులకోసం ప్రత్యేకంగా పెట్టినది. అక్క అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను.

బరువు తగ్గమని ఇదివరకు చాలామంది డాక్టర్లు చెప్పారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒళ్లు బరువు మోకాళ్ల మీద పడుతుందంటే అర్థముంది గానీ, వేళ్ల మీద ఏం బరువు పడుతోందని అవి వాస్తున్నాయని అక్క ఇక్కడి డాక్టరు గారిని అడిగింది. ఆయన ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకుండా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే పడి ఉండే నిల్వ కాదు. కొవ్వు కణాలు అతిగా ఉబ్బినప్పుడు మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు అక్కడికి చేరి, వాపును పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటాయి. వాటిలో ఒకటైన టీఎన్ఎఫ్ ఆల్ఫా లావెక్కిన ఎలుకల కొవ్వులో అధికంగా తయారవుతోందని 1993లోనే గుర్తించారు. అక్కకు రెండు వారాలకొకసారి ఇస్తున్న అడలిముమాబ్ ఇంజెక్షన్ అడ్డుకునేది సరిగ్గా ఆ టీఎన్ఎఫ్‌నే. అంటే ఒకవైపు మందు ఆపుతున్నదాన్ని మరోవైపు పొట్ట తయారుచేస్తోందన్న మాట. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోన్ కూడా కొవ్వుతో పాటే పెరిగి, సొంత శరీరం మీద దాడి జరగకుండా అదుపు చేసే రెగ్యులేటరీ టీ కణాలను అణచివేస్తుందని, వాపును తగ్గించే అడిపోనెక్టిన్ మాత్రం పడిపోతుందని ఆయన వివరించారు.

అలాగని జబ్బుకు కారణం లావేనని ఆయన అనలేదు. వంశపారంపర్యం ముఖ్యమని, సన్నగా ఉన్నవారికీ ఈ జబ్బు వస్తుందని, బరువు తగ్గినంత మాత్రాన మందులు సొంతంగా మానకూడదని స్పష్టంగా చెప్పారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు మొదలుపెట్టిన సోరియాటిక్ ఆర్థరైటిస్ (అక్కకున్న ఈ సోరియాసిస్ కీళ్లజబ్బే) రోగుల్లో, ఉన్న బరువులో కనీసం 5 శాతం తగ్గినవారికి జబ్బు మెరుగ్గా అదుపులోకి వచ్చిందని ఇటలీలో చేసిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. అక్కకు పెట్టిన లక్ష్యమూ అంతే. ఇరవై కిలోలు తగ్గాలన్న మాటకు బెదిరిపోయి వైద్యమే వదిలేసేవారిని చూసిన నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది.

నడుము కొలిచే తీరు కూడా గమనించాను. దుస్తుల మీద కాకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలుస్తారు. మన దేశంలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని, ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 25 దాటితే చాలు స్థూలకాయంగా లెక్కిస్తారని చెప్పారు. మరో మంచి విషయం, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్పీ రిపోర్టు ఒక్కటే చూసి మందు పెంచరు. కొవ్వు వల్ల కూడా సీఆర్పీ కొంత పెరిగి ఉండవచ్చని, ప్రతి కీలునూ నొక్కి చూశాకే నిర్ణయిస్తారు. ఇంతకుముందు చూపించిన చోట ఆ అంకె పెరిగినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు రాసేవారు. వాటితో ఆకలి పెరిగి, బరువు ఇంకా పెరిగింది. ఫ్యాటీ లివర్ ఉంటే కీళ్లజబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మందు విషయంలో కాలేయాన్ని మరింత జాగ్రత్తగా గమనించాలన్నది కూడా ఇక్కడే తెలిసింది.

ఆహార నిపుణురాలు నెలకు ఇంటికి ఎన్ని లీటర్ల నూనె వస్తుందో, తినేవారు ఎందరో అడిగి, తలకు రోజుకెంత పడుతుందో మా ముందే లెక్క వేశారు. "అన్నం మానొద్దమ్మా, ముందు పప్పూ కూరా పెట్టుకుని, తర్వాత అన్నం వడ్డించుకోండి" అన్నారు. ఇంత చక్కగా మాట్లాడి, చేతికిచ్చిన కాగితం మాత్రం ఇంగ్లిషులో, ఓట్స్‌తో, అవకాడోతో నిండి ఉంది. జొన్నరొట్టె, పెసరట్టు, తోటకూర పప్పు తినే ఇంటికి అది పనికిరాదు. తెలుగులో, మన వంటలతో ఆ పట్టికను తిరిగి రాయాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను.

అంతకన్నా పెద్ద లోపం ఫిజియోథెరపీ పై అంతస్తులో ఉండటం. మేము వెళ్లినప్పుడు లిఫ్ట్ పనిచేయలేదు. కీళ్లు పట్టేసిన మనిషి రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కడం చూడటానికే బాధ కలిగింది. కౌంటరులో ఏడాది ప్యాకేజీ తీసుకోమని ఒత్తిడి చేయడమూ బాగాలేదు. విడివిడిగా ఫీజు కట్టే వీలుందని నేను అడిగాకే చెప్పారు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల కోసమే వచ్చేవారికి ఇక్కడ తొందరపడి రాసివ్వరు. అవి కీళ్లజబ్బుకు మందు కాదని, వాడితే కండ తగ్గకుండా వ్యాయామం తప్పదని ముందే చెబుతారు. వెళ్లేవారు పాత రక్తపరీక్షలతో పాటు, వాడుతున్న మాత్రల అట్టలన్నీ, ఆయుర్వేదం మందులతో సహా తీసుకువెళ్లండి. వాటిని ఒక్కొక్కటిగా చూసేంత ఓపిక ఈ డాక్టరు గారికి ఉంది.