సిపాయి ఉత్తరం: అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తపాలా సేవ ఎలా ఉండేది?

చలికాలపు విడిదిలో సిపాయికి పని తక్కువ, పొద్దు ఎక్కువ. దుంగలు పేర్చి, సందుల్లో మట్టి మెత్తి, పైన డేరాగుడ్డ కప్పిన గుడిసెలో నలుగురు సర్దుకోవాలి. హార్డ్‌టాక్ బిస్కెట్ల పెట్టె బోర్లిస్తే అదే రాతబల్ల. బాయినెట్ మొన నేలలో గుచ్చి, దాని బోలు పిడిలో కొవ్వొత్తి నిలబెడితే అదే దీపం.

అర ఔన్సు ఉత్తరానికి 3 సెంట్లు. చవకే, కానీ నెలకు 13 డాలర్ల జీతం కూడా తరచు నెలల ఆలస్యంగా అందేది. అందుకే 1861 జులైలో వచ్చిన వెసులుబాటు ఈ సేవలో అన్నిటికన్నా గొప్పది: తపాలా బిళ్ల అంటించకుండానే పంపొచ్చు. కవరు మీద 'సోల్జర్స్ లెటర్' అని, రెజిమెంటు పేరు రాసి, అధికారి సంతకం చేయించాలి. అందుకున్నవాళ్లు 3 సెంట్లే కడతారు. బిళ్ల లేకుండా వచ్చే మన బేరింగ్ ఉత్తరంలా రెట్టింపు వడ్డన లేదు. 1863 జులై నుంచి మామూలు జనానికి రెట్టింపు పెట్టినా, సిపాయిలను మినహాయించారు. సంతకం మరిస్తే మాత్రం రాయితీ పోతుంది.

బిళ్లలే పెద్ద తలనొప్పి. జేబులో చెమట, తడి తగిలితే జిగురు కరిగి అన్నీ ఒకే ముద్ద. 1862లో చిల్లర నాణేలు మాయమయ్యాక జనం బిళ్లలనే చిల్లరగా వాడటంతో అవి మరీ పాడయ్యాయి. నాలుగైదు బిళ్లలు ఇంటి నుంచే ఉత్తరంలో పెట్టి పంపమనడం మేలు.

ఇంటివాళ్లు ఉత్తరాది ప్రధాన సైన్యాల్లో ఒకటైన పొటోమాక్ సైన్యానికి రాసేటప్పుడు శిబిరం ఊరు రాయక్కర్లేదు. సైన్యం కదిలితే ఆ ఊరి పేరు ఎందుకూ కొరగాదు. పేరు, కంపెనీ, రెజిమెంటు, వాషింగ్టన్ అంటే చాలు. 1863-64 చలికాలంలో సైన్యం వర్జీనియాలోని బ్రాండీ స్టేషన్ దగ్గర రైలుదారి పక్కనే దిగింది కాబట్టి తపాలా సంచులు రావడం తేలికైంది.

డబ్బు పంపడమే ఈ సేవలో అసలైన లోపం. కవర్లో నోట్లు పెడితే పోయే ప్రమాదం ఉంది. మనియార్డర్ 1864 నవంబరులో గానీ మొదలవలేదు. అంతవరకూ డబ్బు, పార్శిళ్లు చేరవేసే ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీలే దిక్కు.

దక్షిణాది సేవ దీనికి సాటిరాదు. 1862 జులై నుంచి దూరంతో పనిలేకుండా 10 సెంట్లు, పైగా కాగితం కరువు. వాడిన కవరును తిరగేసి మళ్లీ అంటించేవారు, గోడకాగితంతోనూ కవర్లు చేసేవారు. ఎదుటి పక్షంలో ఉన్న చుట్టానికి అధికారికంగా రాయాలంటే సంధి జెండా కింద వెళ్లే తపాలాయే దారి. ఒక్క పేజీ, ఇంటి కబుర్లే, కవరు అంటించకూడదు, రెండు ప్రభుత్వాల రుసుమూ కట్టాలి.