పని మానేసి చదవాలా, డ్యూటీ చేస్తూ చదవాలా?

ఉస్మానియాలోనో గాంధీలోనో జనరల్ మెడిసిన్ పీజీ సీటు రావాలని హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ ముగించిన ఎందరికో ఆశ. అందుకు రెండు దారులు.

మొదటిది, ఏడాదిపాటు వేరే పని పెట్టుకోకుండా చదవడం. ఆ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు. ప్రతి తప్పుకూ ఒక మార్కు పోతుంది. 19 సబ్జెక్టులు మళ్లీ మళ్లీ తిరగేయాలంటే తీరిక ఉండాల్సిందే. కానీ ఆ తీరికే మనిషిని తినేస్తుంది. 2024లో జూన్ 23న పరీక్ష అనగా, ముందు రోజు రాత్రి వాయిదా వేశారు. చివరికి ఆగస్టు 11న జరిగింది. ఆ ఏడు వారాలు ఇంట్లో కూర్చున్నవాళ్ల అవస్థ దగ్గర నుంచి చూశాను, ఇప్పటికీ బాధేస్తుంది. పైగా పెళ్లికెళ్తే చాలు, "ఇంకా చదువేనా?" అని అడుగుతారు.

రెండోది, ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేస్తూ చదవడం. జీతం వస్తుంది, ఇంట్లో చేయి చాచక్కర్లేదు. రోగి దగ్గర నేర్చుకున్నది మర్చిపోం. అయితే నైట్ డ్యూటీ దిగి పుస్తకం పడితే కళ్లు మూతపడతాయి.

మొదటి ప్రయత్నమైతే పూర్తిగా చదువుకే కూర్చోమంటాను. రెండోసారైతే, పరీక్షకు నాలుగు నెలల ముందు వరకు పగటి డ్యూటీ మాత్రం ఒప్పుకోండి. నలుగురు రోగులను చూసొచ్చిన రోజు టెన్షన్ కొంత తగ్గుతుంది.