బ్లెండర్ గ్రాఫ్ ఎడిటర్: యంత్రాలను కదిలించేవారి కోసం ఒక సమీక్ష

నేను చదివింది మెకానికల్ డిప్లొమా, బతుకుతెరువు యంత్రాల యానిమేషన్. లిఫ్టు, కన్వేయరు, గేర్‌బాక్సు ఎలా పనిచేస్తాయో చూపే చిన్న వీడియోలు చేసి తయారీదారులకు ఇస్తుంటాను. బొమ్మలకు నడక నేర్పే విద్య నాకు రాదు, ఆ సరదా కూడా లేదు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఇనుము వైపు నుంచే.

బ్లెండర్‌కు పైసా కట్టనక్కర్లేదు, త్రీడీ బొమ్మలు చేసి కదిలించే సాఫ్ట్‌వేరు అది. 2002లో వాడుకరులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాని సోర్సు కోడును విడిపించుకున్నారు. ఆ పుణ్యమే నేటికీ మనకు అన్నం పెడుతోంది. నా దగ్గర ఉన్నది 4.2 వెర్షను. మోడలింగు, రెండరింగు గురించి చెప్పేవారు కోకొల్లలు, నేను కదలికను గీతగా చూపి వంచనిచ్చే గ్రాఫ్ ఎడిటర్ దాటి వెళ్లను.

రెండు కీఫ్రేములు (ఫలానా ఫ్రేములో వస్తువు ఫలానా చోట ఉండాలని చెప్పే గుర్తులు) పెడితే నడుమ కదలికను బ్లెండరే పూరిస్తుంది. మనం ఏమీ మార్చకపోతే బెజియర్ వంపు వేస్తుంది: మొదట మెల్లగా, మధ్యలో జోరుగా, చివర మళ్లీ మెల్లగా. చెయ్యి ఊపే మనిషికి అది చక్కగా అమరుతుంది. అదే వంపు లిఫ్టుకు పెట్టి చూడండి, నీళ్లలో తేలుతున్న బెండులా పైకి పోతుంది. అసలు లిఫ్టు కాసేపు వేగం పుంజుకుంటుంది, ఆ తరువాత ఒకే వేగంతో సాగిపోతుంది, అంతస్తు దగ్గరపడ్డాకే తగ్గుతుంది. బెజియర్‌లో ఆ నడిమి భాగమే ఉండదు. సగం దూరం దాకా వేగం పెరుగుతూనే ఉంటుంది, అక్కడినుంచి తగ్గడమే.

అందుకని నేను నాలుగు కీఫ్రేములు పెడతాను. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, లిఫ్టు వేగం సెకనుకు 1 మీటరు, వీడియో సెకనుకు 24 ఫ్రేములు అనుకుందాం. 1వ ఫ్రేములో ఎత్తు 0, 25లో 0.5, 73లో 2.5, 97లో 3. మొదటి ముక్కకు క్వాడ్రాటిక్ ఈజ్ ఇన్ (వేగం సమంగా పెరిగేది), నడిమి దానికి లీనియర్ (ఒకే వేగం), చివరి దానికి క్వాడ్రాటిక్ ఈజ్ అవుట్ (సమంగా తగ్గేది). మొదటి సెకనులో అర మీటరే ఎందుకంటే, నిలకడ నుంచి సమంగా పుంజుకునేటప్పుడు సగటు వేగం గరిష్ఠ వేగంలో సగమే ఉంటుంది. ఇంటర్ ఫిజిక్సులో చదివిన 'సగం ఏ టీ స్క్వేర్' సూత్రమే ఇది. ఆ 0.5 బదులు కంటికి నచ్చిందని 0.8 పెట్టారనుకోండి, 25వ ఫ్రేము చేరేసరికి వేగం సెకనుకు 1.6 మీటర్లు అవుతుంది, ఆ మరుక్షణమే 0.85కి పడిపోతుంది. గీత అక్కడ మోచేయిలా విరుగుతుంది. లిఫ్టు కుదుపుతో వెళ్లిందని చూసేవారు ఇట్టే పసిగడతారు. నిజమైన లిఫ్టులో త్వరణం కూడా అంచెలంచెలుగా పెరిగేలా కంట్రోలరు చూసుకుంటుంది. లోపల నిలబడ్డవారి కాళ్లకు అది తెలుస్తుంది గానీ తెరమీద ఎవరి కంటికీ ఆనదు, ఆ శ్రమ నేను పడను.

ఈ ఈజింగ్ జాబితా, అంటే వేగం ఎలా పెరగాలో తగ్గాలో చెప్పే రెడీమేడ్ వంపుల వరుస, 2014లో వచ్చిన 2.71 వెర్షనుతో చేరింది, రాబర్ట్ పెన్నర్ అనే ప్రోగ్రామరు సమీకరణాల ఆధారంగా. కీబోర్డు మీద టి నొక్కితే సైనుసోయిడల్ మొదలు ఎక్స్‌పొనెన్షియల్, సర్క్యులర్ దాకా వరుసగా కనిపిస్తాయి, వాటి పక్కన బ్యాక్, బౌన్స్, ఎలాస్టిక్. ఈ చివరి మూడింటి జోలికి నేను పోను. పవర్ ప్రెస్సు కిందికి దిగి బంతిలా ఎగిరితే దాని యజమాని నన్ను మళ్లీ పిలవడు. నా ఫిర్యాదు ఇంకొకటి. క్వాడ్రాటిక్ ఎంచుకున్నాక వంపును చేత్తో సరిచేసే హ్యాండిళ్లకు పనుండదు, పక్క ముక్కతో వాలు కలపాలంటే లెక్క మనమే వేసుకోవాలి.

నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం డ్రైవర్లు, అంటే ఒక భాగం కదలికను మరో భాగం కదలిక నుంచి లెక్కగట్టే సూత్రాలు. యంత్రంలో వేగం పెంచేదీ తగ్గించేదీ మోటారు ఒక్కటే, మిగతా భాగాలన్నీ దాని వెంట నడిచేవే. ప్రతి భాగానికీ విడివిడిగా కీఫ్రేములు పెట్టి ఈజింగ్ ఇచ్చిన వీడియోలు చాలానే చూశాను. వాటిలో పళ్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతుంటాయి. 20 పళ్ల గేరు 60 పళ్ల గేరును తిప్పుతుంటే, పెద్ద గేరు డ్రైవరులో చిన్న గేరు కోణాన్ని మైనస్ మూడుతో భాగిస్తే చాలు. ఆపైన చిన్న గేరు గీతను ఎలా వంచినా పళ్లు తప్పవు.

పిస్టన్ దగ్గర ఇది మరీ అక్కరకు వస్తుంది. పైకీ కిందికీ కదిలేదే కదా అని సైనుసోయిడల్ పెట్టేస్తారు. క్రాంకు (గుండ్రంగా తిరిగే చేయి) వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు, దాన్ని పిస్టన్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్డు 14 అనుకోండి. క్రాంకు పైనుంచి పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ తన 8 సెంటీమీటర్ల దారిలో 4.6 దిగిపోతుంది, రెండో పావు చుట్టుకు మిగిలింది 3.4 మాత్రమే. పై కొసలో చురుకు, కింది కొసలో తాపీ. ఏ రెడీమేడ్ వంపూ దీన్ని ఇవ్వదు. కొసైను, వర్గమూలం కలిపి డ్రైవరులో ఒక్క వరుస రాస్తే వస్తుంది. 2.80 నుంచి ఇలాంటి సాదా లెక్కలు పైథాన్ స్క్రిప్టు భాష లేకుండానే నడుస్తున్నాయి కాబట్టి, స్క్రిప్టులకు అనుమతి లేని కంప్యూటర్లో తెరిచినా ఫైలు మొరాయించదు. ఒకటి గుర్తుంచుకోండి: ప్యానెల్లో డిగ్రీలు కనిపించినా డ్రైవరుకు అందేది రేడియన్లు.

లేనిదల్లా వేగం గ్రాఫు. మరో యానిమేషన్ సాఫ్ట్‌వేరైన ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో విలువకు ఒక గ్రాఫు, వేగానికి ఒక గ్రాఫు ఉంటాయి. ఇక్కడ విలువ గీత చూసి వేగాన్ని ఊహించుకోవాలి. యంత్రాల పనికి ఇది పెద్ద లోటే. నేను మోషన్ పాత్‌తో గడుపుకొస్తున్నాను, అది వస్తువు వెళ్లే దారి పొడవునా ఫ్రేముకో చుక్క పెడుతుంది. తన కేంద్రం చుట్టూ తిరిగే ఫ్లైవీలుకు ఆ దారి ఒకే చుక్క అయిపోతుంది కనుక, అంచున ఒక ఎంప్టీని (రెండరులో కనిపించని ఉత్త గుర్తు) పెట్టి, చక్రంతో పాటే తిరిగేలా దానికి పేరెంట్ చేసి, దానికి మోషన్ పాత్ లెక్కించమనండి. చుక్కల నడుమ ఎడం హఠాత్తుగా మారిన చోటే కుదుపు ఉన్నట్టు. కీఫ్రేము జరిపాక అప్‌డేట్ నొక్కడం మరచిపోతే తెరమీద ఉండేది పాత చుక్కలే.