మా అత్తగారిని పదిహేను రోజులు చూసుకున్న ఇల్లు

మా అత్తగారికి 81 ఏళ్లు. ఐదేళ్లుగా ఆమెకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉంది. రెండేళ్ల క్రితం స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఇక్కడ తిరుపతిలోనే, ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాము. అప్పటి నుంచి వాకర్ పట్టుకుని, పక్కన ఒక మనిషి ఉంటేనే నాలుగడుగులు వేస్తారు. ఈ ఐదేళ్లలో ఆమెను వదిలి నేను ఒక్క రాత్రి కూడా వేరే చోట నిద్రపోలేదు. మొన్న వేసవిలో నాకు గర్భసంచి తీసివేయవలసి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు బరువులు ఎత్తకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది నా నొప్పి కాదు, రాత్రి రెండు గంటలకు అత్తగారిని మంచం మీద నుంచి లేపి బాత్రూముకు తీసుకువెళ్లేది ఎవరన్న ప్రశ్న. మా వారు ఉన్నారు, తల్లి మీద ప్రేమ ఉంది. కానీ కొడుకు చేత స్నానం చేయించుకోవడానికి, బట్టలు మార్పించుకోవడానికి ఆమె ఒప్పుకోరు. మతి తప్పినా ఆ సిగ్గు ఆమెను వదలలేదు. మా ఆడబిడ్డ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నాలుగు రోజులకు మించి సెలవు పెట్టలేని స్థితిలో ఉంది.

అలాంటి సమయంలో పనికొచ్చే సేవను రెస్పైట్ కేర్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే మనిషికి కొన్ని రోజులు ఊపిరి తీసుకునే వీలు కల్పించడానికి ఆ పెద్దవాళ్లను తాత్కాలికంగా మరొకరు చూసుకోవడం అన్నమాట. మన ఊళ్లో ఆ పేరు చెప్తే ఎవరికీ తెలియదు, ‘షార్ట్ స్టే’ అని అడిగితే కొందరికి అర్థమవుతుంది. మూడు వారాల పాటు ఫోన్లు చేసి, తిరిగి, చివరికి చంద్రగిరి వైపు వెళ్లే దారిలో ఎనిమిది మంచాలున్న ఒక చిన్న సంరక్షణ గృహంలో ఆమెను పదిహేను రోజులు ఉంచాము. నా అవస్థలో ఉన్న మరో కోడలికో కూతురికో ఉపయోగపడుతుందని అక్కడి మంచి చెడ్డలను వివరంగా రాస్తున్నాను.

ముందుగా వెతుకులాట సంగతి చెప్పాలి, ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది. తిరుపతిలో వృద్ధాశ్రమాలకు కొదవ లేదు. కానీ నేను అడిగిన చోట్లలో ఎక్కువ మంది శాశ్వతంగా చేర్చుకుంటేనే మాట్లాడతామన్నారు. పదిహేను రోజులే అనగానే ‘మళ్లీ తీసుకుపోతారా?’ అని అనుమానంగా అడిగినవాళ్లూ ఉన్నారు. మతిమరుపు ఉందని తెలిశాక వద్దన్నవాళ్లు మరికొందరు. జబ్బు చేయనిదే ఆసుపత్రిలో చేర్చుకోరు, అది న్యాయమే. 70 ఏళ్లు దాటిన వారందరికీ కేంద్రం 2024లో వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే గానీ ఇలాంటి సంరక్షణకు కాదు. ఇంటికి మనిషిని పంపే హోం నర్సింగ్ వాళ్లను సంప్రదిస్తే, నెల రోజుల సొమ్ము ముందే కట్టాలని, వచ్చే మనిషి మధ్యలో మారవచ్చని చెప్పారు. నేనే మంచం మీద ఉండగా కొత్త మనిషికి మా ఇంటి పద్ధతులు ఎవరు నేర్పగలరు? 14567 నంబరుతో పనిచేసే ఎల్డర్‌లైన్ అనే ఉచిత ఫోన్ సేవ ఒకటి ఉందని కూడా ఈ సందర్భంలోనే తెలిసింది. పెద్దవాళ్ల ఆశ్రయానికి, సంరక్షణకు సంబంధించిన సమాచారం అక్కడ అడగవచ్చు.

నన్ను ఇప్పటికీ బాధించే విషయం ఒకటుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో వృద్ధాశ్రమాల ప్రస్తావన ఉంది, జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి చాలేలా ఉండాలన్న మాట ఉంది. అయితే అది నిరుపేద వృద్ధుల కోసం. పిల్లలు పోషించకపోతే ఏం చేయాలో కూడా ఆ చట్టం చెప్తుంది. పిల్లలు చూసుకుంటూ, చూసుకుంటూ అలసిపోతే ఏం చేయాలన్నది మాత్రం మన ఆలోచనల్లోకి ఇంకా రాలేదు. ఇంట్లో కోడలు ఉన్నదంటే ఇక ఏ ఏర్పాటూ అక్కరలేదని అందరూ అనుకుంటారు. మా బంధువులలో ఒకరు ఫోన్ చేసి ‘అత్తను ఆశ్రమంలో వేసేసినారంటనే’ అన్నప్పుడు, కుట్లు ఇంకా మానని నేను జవాబు చెప్పలేక ఫోన్ పెట్టేశాను.

ఇక ఆ ఇంటి విషయానికి వస్తే, నాకు మొదట నమ్మకం కలిగించింది అక్కడి నర్సమ్మ అడిగిన ప్రశ్నలు. మిగతా చోట్ల డిపాజిట్ గురించి, డైపర్ల గురించి అడిగారు. ఈమె మాత్రం అత్తగారు ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుందా, పొద్దు గూకే వేళ ఏమైనా అలజడి పడతారా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. చివరి ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబే ఉంది. సాయంత్రం ఐదు దాటితే అత్తగారు నలభై ఏళ్ల కిందటి పల్లెకు వెళ్లిపోతారు. ‘ఇంటికి పోదాం రా, పాలు పిండాల, దూడ అరస్తా ఉండాది’ అంటూ గడప వైపు నడవబోతారు. డిమెన్షియా ఉన్నవారిలో చాలామందికి సాయంత్రం వేళ ఇలాంటి కలత ఎక్కువవుతుంది. మేము ‘ఆవు లేదు, మనం తిరుపతిలో ఉన్నాము’ అని నచ్చజెప్పే కొద్దీ ఆమెకు కోపం, ఏడుపు పెరిగేవి.

చేర్చుకునే ముందు రెండు మధ్యాహ్నాలు ఆమెను తీసుకొచ్చి అక్కడే కూర్చోబెట్టమన్నారు. అప్పుడు విసుగనిపించింది గానీ, అది చాలా తెలివైన పద్ధతి. మూడోసారి వెళ్లినప్పుడు ఆ వసారా ఆమెకు పూర్తిగా కొత్త చోటు కాలేదు. ఆమె వాడే స్టీలు గ్లాసు, పాత దుప్పటి, ఒక ఫోటో తెమ్మన్నారు. బంగారు కమ్మలు ఇంట్లోనే పెట్టమన్నారు. మందులను డబ్బాలో విడివిడిగా కాకుండా స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీ నకలుతో సహా ఇవ్వమన్నారు. అన్నింటికంటే నాకు నచ్చినది చేరిన రోజున మా ఎదుటే ఆమె మడమలు, తుంటి, వీపు కింది భాగం పరిశీలించి, ఎక్కడ ఎరుపు ఉందో, ఎక్కడ పాత మచ్చ ఉందో కాగితం మీద రాసి మా వారి చేత సంతకం పెట్టించుకోవడం. తిరిగి పంపే రోజున అదే కాగితం తీసి అదే పరిశీలన మళ్లీ చేశారు. మంచం పుండు ఒక్కసారి పడితే మానడం ఎంత కష్టమో చూసినవాళ్లకు ఈ కాగితం విలువ తెలుస్తుంది. మీరు ఎక్కడ చేర్చినా దీన్ని అడిగి మరీ చేయించుకోండి.

గదులు సాదా గదులే. అంతా కింది అంతస్తులోనే ఉంది, బాత్రూములో గోడకు పట్టుకునే కడ్డీలు ఉన్నాయి, నేల జారదు, గేటుకు పెద్దవాళ్ల చేతికి అందని చోట గడియ ఉంది. భోజనం మా ప్రాంతపు ఇంటి భోజనం. మా అత్తగారు మెత్తగా చేసిన సంగటి, పప్పు పులుసు ఇష్టంగా తిన్నారని రోజూ రాసే పుస్తకంలో చూశాము. ఏం తిన్నారు, ఎప్పుడు విరేచనమైంది, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేశారు అన్నవి ఆ పుస్తకంలో ఉంటాయి. వెళ్లినవాళ్లు ఎవరైనా దాన్ని చదవవచ్చు.

లోపాలు లేకపోలేదు. మొదటిది, రాత్రి ఎనిమిది మందికి ఒకే ఆయమ్మ. ఒకే సమయంలో ఇద్దరు లేస్తే ఒకరు ఆగవలసిందే. ఆరో రోజు పొద్దున మా వారు వెళ్లేసరికి అత్తగారి డైపరు రాత్రి నుంచి మార్చలేదని తెలిసింది. అడిగితే దాచకుండా ఒప్పుకున్నారు, ఆ రోజు నుంచి తెల్లవారుజామున ఒకసారి చూసి పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. కానీ మనిషిని పెంచలేదు. ఇది సరిదిద్దుకోవలసిన లోపమే, మూత్రం తడి వయసు మళ్లిన చర్మాన్ని ఎంత త్వరగా పాడుచేస్తుందో వాళ్లకు తెలియనిది కాదు. రెండోది బిల్లు. రోజుకు 1,500 రూపాయల చొప్పున 22,500 అని ముందే చెప్పారు, డైపర్లు, మందులు మావే అని కూడా చెప్పారు, ఇబ్బంది లేదు. అయితే మమ్మల్ని అడగకుండా ఆరుసార్లు ఫిజియోథెరపీ చేయించి 1,800 అదనంగా వేశారు. ఆమె కాళ్లకు అది మేలే చేసింది, కానీ చెప్పి చేయించవలసింది. మాట్లాడిన మీదట సగం తగ్గించారు. మా వంటి జీతగాళ్లకే ఈ ఖర్చు బరువుగా ఉంటే, రోజు కూలీ మీద బతికే ఇళ్లలో తల్లిని చూసుకుంటున్న ఆడవాళ్ల సంగతి తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

చూడడానికి వెళ్లే వేళ గురించి వాళ్లు చెప్పిన మాట ఒకటి అందరికీ పనికొస్తుంది. సాయంత్రం రావద్దు, పొద్దున రండి అన్నారు. సాయంత్రపు కలతలో ఉన్న మనిషికి ఇంటివాళ్ల ముఖం కనిపిస్తే వెంట వస్తానని పట్టుబడతారు, మనం వెళ్లిపోయాక ఆ రాత్రంతా నిద్ర ఉండదు. మా వారు రేణిగుంటకు ఉద్యోగానికి వెళ్లే ముందు ఎనిమిది గంటలకల్లా వెళ్లి, ఆమె ఇడ్లీ తినే దాకా కూర్చుని వచ్చేవారు. ఒక్క రోజు కూడా గొడవ జరగలేదు. నేను మొదటి వారం అసలు వెళ్లలేదు. మొదటి రెండు రాత్రులు అలవాటు కొద్దీ రెండు గంటలకు మెలకువ వచ్చి, పక్క గదిలో మంచం ఖాళీగా ఉందని గుర్తొచ్చి ఏడ్చాను. మూడో రాత్రి తెల్లవారి ఆరు దాకా నిద్రపోయాను. ఎన్నేళ్ల తర్వాతో చెప్పలేను.

ఇంటికి తీసుకొచ్చాక రెండు రోజులు ఆమె తికమకపడ్డారు, పగలు నిద్రపోయి రాత్రి మేలుకున్నారు. ఇది ముందే ఊహించుకుని, ఆ రెండు మూడు రోజులు ఇంట్లో అదనంగా మరో మనిషి ఉండేలా చూసుకోవాలి. మేము పగటి పూటకు ఒక ఆయమ్మను నెల రోజులు పెట్టుకున్నాము, నా ఆరు వారాలు అలా గడిచాయి.

తీసుకువచ్చే రోజున అక్కడి ఆయమ్మ, ఇరవై ఐదేళ్లు కూడా ఉండని అమ్మాయి, నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. ‘అక్కా, సాయంత్రం అవ్వ పాలు పిండాలంటే ఆవు లేదని చెప్పబాకండి. పాలు పిండేసినాను అవ్వా, దూడను గూడా కట్టేసినాను అంటే చాలు, ఊరికే కూర్చుంటాది’ అన్నది. ఐదేళ్లలో మాకు తోచని జవాబు అది. ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఆ మాట మా వారు చెప్తారు, నేనూ చెప్తాను. అత్తగారు ‘సరే, పాలు జాగర్తగా మూతబెట్టు’ అని కుర్చీలో వెనక్కి వాలుతారు.

బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గాక నాలుగు రోజులకు అదే చోట మళ్లీ మంచం అడిగి పెట్టాము. ఈసారి ఆపరేషన్ లేదు, జబ్బు లేదు, చిత్తూరులో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలని ఉంది. రాత్రికి రెండో ఆయమ్మను పెట్టారా అని మాత్రం ముందే అడుగుతాను.