పాత ఇంటి నేల మళ్లీ కావాలంటే ఏ బండ కొనాలి?

పాత మిద్దె పడగొట్టి కొత్తిల్లు కట్టేవాళ్లు చాలామంది ఒక్కటి మాత్రం మునుపటిదే కావాలంటారు: నడిఎండాకాలం చాప కూడా పరచకుండా పడుకున్న నల్లబండ నేల. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల, ఏ వైపు నుంచి లారీ వచ్చినా అది సున్నపురాయి జాతి నాపబండే. నలుపే కావాలంటే కడప బండ అడగాలి.

అంగట్లో ముందు చూపేది మిషన్‌తో కోసి పాలిష్ పట్టిన ముక్కాలు అంగుళం పలక. పరచడం తేలిక, తుడవడం తేలిక. పాత ఇల్లు మాత్రం గుర్తుకు రాదు. అయిదుకు మూడు మార్కులు.

గుర్తుకు తెచ్చేది పొరల వెంబడి చీల్చి, ఉలితో అంచులు కొట్టిన చేతిబండ. రెండడుగుల చదరం, అంగుళంన్నర మందం ఉంటే ఒక్కొక్కటి సుమారు 36 కిలోలు తూగుతుంది. మందం ఒక్క బండలోనే అటూఇటూ ఉంటుంది కాబట్టి బేల్దారి (తాపీమేస్త్రీ) ప్రతి బండ కిందా మాలు, అంటే బండను పట్టి ఉంచే అడుగు కలపం, విడిగా సర్దుకోవాలి. కూలి ఎక్కువయ్యేది అందుకే. హడావుడిగా పరిస్తే అంచులు లేచి కాలివేళ్లకు తగులుతాయి. కింద మాలు అందని చోట డొల్ల మోగి, మంచం కోడు పడగానే పగులుతుంది.

దించుకునేటప్పుడే ఒక్కో బండనూ సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పొర విడిపోయినట్టు. అనుమానముంటే నీళ్లు చల్లండి: బండంతా ఆరినా పగులు గీత మాత్రం కాసేపు తడిగానే కనిపిస్తుంది. నూటికి పది అదనంగా, అదీ ఒకే లోడు నుంచి తీసుకోండి. తర్వాత తెచ్చినవి రంగు కలవవు.

వంటింటి గట్టుకు ఈ బండ వద్దు. నిమ్మరసం, చింతపండు పులుసు పడి కాసేపు ఉంటే తెల్ల మచ్చ పడుతుంది. బాత్రూం యాసిడ్ అయితే చెప్పనక్కర్లేదు.

చల్లదనం గురించి ఒక మాట. అది ఒక్క బండ గుణం కాదు. కింద నేల, పైన చవుడు మట్టి పరిచిన మిద్దె, చుట్టూ మూరెడు మందం గోడ కలిస్తే వచ్చింది. రెండో అంతస్తులో, ఎండకు కాలిన స్లాబు కింద అదే బండ పరిచి అదే నిద్ర రాలేదంటే తప్పు బండది కాదు. పైగా అక్కడ ఆ బరువు మోయగలదా అని ఇంజినీరును అడగాలి.

పడగొట్టిన ఇళ్ల బండలు దొరికితే కొత్తవాటి జోలికి పోవద్దు. ఏళ్ల తరబడి పాదాలు అరగదీసిన ఆ నునుపు ఏ మిషనూ పట్టలేదు. కాకపోతే అడుగున అంటుకున్న పాత సున్నం ఉలితో పూర్తిగా గీకి, బండ కడిగి, తడిమీదే పరచాలి. సున్నం మిగిలిన చోట కొత్త మాలు పట్టదు.