డబుల్స్‌కి ఎయిర్ పింటిల్ హుక్: చాలాకాలం వాడాక

డబుల్స్ (ఒకే ట్రక్కు వెనక రెండు ట్రైలర్లు) లాగేవాళ్లకి డాలీ (వెనక ట్రైలర్ ముందు భాగాన్ని మోసే చక్రాల బండి) గురించి, ముందు ట్రైలర్ వెనకుండి ఆ డాలీ రింగును పట్టుకునే పింటిల్ హుక్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఈ హుక్‌లో చెప్పుకోవాల్సిందల్లా వెనకున్న చిన్న ఎయిర్ ఛాంబర్. గాలి ఎక్కగానే దాని రాడ్డు డాలీ రింగును హుక్ కొమ్ముకి అదిమి పట్టేస్తుంది. మామూలు హుక్‌తో ఆక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడల్లా వెనకనుంచి 'ధన్' మని గుద్దు వస్తుంది కదా, అది పూర్తిగా పోయింది. అద్దంలో వెనక ట్రైలర్ గీత గీసినట్టు వస్తుంటే ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో!

ఇబ్బంది కొన్నాళ్ల తర్వాత మొదలైంది. గుద్దు మెల్లగా తిరిగొచ్చింది, వెనక ట్రైలర్ తోక ఆడించడం మొదలెట్టింది. ముందు టైర్ల గాలి, తర్వాత యాక్సిల్ అలైన్‌మెంట్ చూశాం, రెండూ బాగానే ఉన్నాయి. సబ్బునీళ్లు కొడితే ఛాంబర్ దగ్గర బుడగలొచ్చాయి, లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగింది. కొత్తది వేసినా లూజు పోలేదు. అసలు దోషం రింగుది. రింగు లోపలి అంచు అరిగిపోవడంతో రాడ్డు చివరిదాకా బయటికొచ్చేసినా రింగును నొక్కలేకపోతోంది. రింగు మార్చాకే కుదురుకుంది.

అందుకే చక్రాలకి దిమ్మలు పెట్టి, ట్రైలర్ లైన్‌లో గాలి ఉంచి, పక్కన నిలబడి పలుగుతో రింగును ఎత్తి చూడండి. కదలకూడదు. కదిలితే రాడ్డు ఎంత బయటికొచ్చిందో చూడండి: చివరిదాకా వస్తే అరుగుదల, రాకపోతే ఛాంబర్. కొమ్ము అరుగుదల హద్దు కంపెనీ పుస్తకంలో ఉంటుంది, సాధారణంగా 3 మి.మీ. చుట్టుపక్కల. అరిగినచోట వెల్డింగ్ పోసి నింపించొద్దు, విరిగితే వెనక బండి మొత్తం పోతుంది.

ఊగుడంతా పోయిందని మొదట్లో అందరికీ చెప్పాను, అది కొంచెం ఎక్కువే. పోయింది లూజు వల్ల వచ్చే ఊగుడు మాత్రమే. హఠాత్తుగా లేన్ మారితే ట్రక్కు మీద పడే పక్కతోపు చివరి ట్రైలర్‌కి చేరేసరికి దాదాపు రెండింతలవుతుంది. ఒకే లాగుడు బారుతో తగిలించే డాలీ ఉన్నంతకాలం ఏ హుక్కూ దాన్ని ఆపలేదు. రెండింట్లో బరువైన ట్రైలర్‌ని ముందు తగిలించడం, స్టీరింగ్ మెల్లగా తిప్పడం లాంటివే మన చేతిలో ఉన్నవి.

రోజుకో ట్రైలర్ మారే మా పనికి ఇది సరిపోయింది. ఎప్పుడూ ఒకే జత లాగేవాళ్లయితే మాత్రం ముందు ట్రైలర్ మీదే ఫిఫ్త్ వీల్ (వెనక ట్రైలర్ పిన్నును పట్టుకునే పళ్లెం) ఉండే బీ-ట్రైన్ చూసుకోండి, అందులో ఈ హుక్కే ఉండదు.